ఐదు నిమిషాల భద్రయ్య

రెండువేల సంవత్సరంలో భద్రయ్య అనే యాభై నాలుగేళ్ల మనిషి, చేతిలో కర్ర లేకుండా, నోట మాట లేకుండా, సింగపూర్‌లో గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారాన్ని పదకొండు వారాలపాటు నిలబెట్టేశాడు. ఓడలు రేవుకొచ్చాయి, విమానాలు దిగాయి, దేశదేశాల ఇంజనీర్లు తిండి మానేసి కొత్త కొత్త కార్డులు కనిపెట్టారు. అవన్నీ వచ్చి, రోచోర్ కాలవ పక్కనున్న ఆరంతస్తుల కంప్యూటర్ల బిల్డింగులో, భద్రయ్య మోకాళ్ల దగ్గర ఆగిపోయాయి. క్లెమెంటిలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే తెలుగు పిల్లల్ని ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఒకడు పదకొండు వారాలంటే ఇంకొకడు పదమూడంటాడు తప్ప తగ్గించినవాడు లేడు.

ముందు మోకాళ్ల సంగతి చెప్పుకోవాలి. ఆ బిల్డింగులో భద్రయ్య రన్నరు. రన్నరంటే పరుగుపందెం మనిషి కాదు గానీ, పందెం పెట్టి ఉంటే సింగపూర్‌కి ఒక పతకం వచ్చి ఉండేదని కొందరి అభిప్రాయం. సంగతేమిటంటే, ప్రతి కొట్టువాడూ వారం వారం ఒక ధరల కాయితం అచ్చేసి గుమ్మంలో పెడతాడు. కంప్యూటర్ తెరమీద బొమ్మని ఆడించే పలక, అదే గ్రాఫిక్స్ కార్డు, ఇరవై కొట్ల కాయితాల్లో కనిపిస్తుంది. కొనేవాడు ఆ ఇరవై కాయితాలూ పోగేసుకుని, ఎక్కడ ఐదు డాలర్లు తక్కువో చూసుకుని మురిసిపోతాడు. నిజానికి బిల్డింగు మొత్తం వెతికితే ఉండేవి మూడు పెట్టెలు. బేరం కుదరగానే కొట్టువాడు స్టూలు చూపించి "ఫైవ్ మినిట్స్" అంటాడు, బల్లకింద ఫోను నొక్కుతాడు. అప్పుడు భద్రయ్య లేస్తాడు. నిజంగా పెట్టె ఉన్న కొట్టుకి వెళ్లి, దాన్ని మామూలు సంచిలో పెట్టుకుని, వెనక మెట్లమీంచి తెచ్చి, లోపలి గదిలోంచి అందిస్తాడు. కొన్నవాడు ఆ పెట్టె పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉందనుకుని సంతోషంగా ఇంటికి పోతాడు.

అంచేత ధరలు అందరికీ తెలిసేవి. సరుకు ఎక్కడుందో మాత్రం భద్రయ్యకే తెలిసేది. ముప్ఫై కొట్లకీ అతనే కాళ్లు. అతనికి జలుబు చేస్తే ఆ వారం దేశంలో వీడియో ఆటలు ఆగిపోయేవని చెప్పుకుంటారు. లిఫ్టు ఎక్కేవాడు కాదు. లిఫ్టు అబద్ధమాడుతుంది, మెట్లు ఆడవు అనేవాడట. కార్డుల పేర్లు అతనికి నోరు తిరిగేవి కావు. పెట్టెమీద బొమ్మని బట్టి పిలిచేవాడు. నీలం పెట్టెమీద పెద్ద కన్నున్నది కన్ను పెట్టె. కత్తి పట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఉన్నది కత్తమ్మ. రెక్కలు చాచినది డేగ. కొట్టువాళ్లు కూడా చివరికి ఆ భాషకే అలవాటు పడ్డారు. చైనా కొట్టు యజమాని మిస్టర్ కో, మూడో అంతస్తులో గల్లాపెట్టె వెనకనుంచి "అంకుల్, టూ కత్తమ్మా" అని కేకేస్తే విన్నవాళ్లున్నారు.

ఇంకో విద్య కూడా ఉంది అతని దగ్గర. రన్నరు కాకముందు పాతికేళ్లు రేవు గిడ్డంగిలో బస్తాలు తూచాడు. కాటాలు మారాయి, గిడ్డంగులు పోయాయి, తూకం చేతుల్లో ఉండిపోయింది. మూసిన పెట్టె ఎత్తి లోపల కార్డుందో లేదో, ఉంటే ఏ కార్డో చెప్పేవాడు. ఈగ వాలిన పెట్టెకీ వాలని పెట్టెకీ తేడా చెప్పేవాడని కూడా అంటారు గానీ, అది ఆ క్లెమెంటి పిల్లల్లో ఒక్క ఉదయ్‌కిరణే అంటాడు, వాడి మాట సగానికి కోసుకోవాలి.

ఇంత పెద్దమనిషికి కొరతేమిటంటే, మాట.

భద్రయ్య తల్లి అంకమ్మ ఇచ్ఛాపురం పక్క సముద్రపుటొడ్డున పుట్టి, ఎనిమిదేళ్లప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని మలయాలోని జొహోర్‌లో రబ్బరు తోటకొచ్చింది. తర్వాత సింగపూర్. అరవై ఏళ్లకు పైగా మలయ్‌లో కూరగాయలు కొంది, తమిళంలో ఇరుగుపొరుగుల్ని పలకరించింది, కొడుకుని మాత్రం తెలుగులోనే తిట్టింది. భద్రయ్య భార్య తమిళావిడ. కూతురు శాలిని బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, నిద్రలో కూడా ఇంగ్లీషే. తొంభై ఎనిమిదిలో అంకమ్మ పోయాక బెడోక్‌లోని ఆ ఫ్లాట్‌లో తెలుగు పలికేందుకు ఒక కారణమంటూ లేకుండా పోయింది. భద్రయ్యకి తెలుగు ఒక్కచోటే మిగిలింది: మెట్లెక్కేటప్పుడు లెక్కపెట్టుకోడానికి. అంతస్తుకి ఇరవై రెండు. నేలమీది ఒకటో అంతస్తునుంచి ఆరోదానికెళ్తే నూటపది దాకా తెలుగు మాట్లాడినట్టు.

తెలుగు సంఘానికి వెళ్లలేదా అంటే, ఒక ఉగాదికి వెళ్లాడు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, వాళ్ల భార్యలు, రేడియోలో వార్తలు చదివినట్టు చక్కగా మాట్లాడుకుంటున్నారు. భద్రయ్య ఒకాయన దగ్గరికెళ్లి బాగున్నారా అని తనకొచ్చినట్టు అడిగాడు. ఆయన ఒక క్షణం ఆలోచించి, పాపం తమిళాయన కష్టపడి తెలుగు నేర్చుకున్నాడనుకుని, ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో జవాబిచ్చాడు. భద్రయ్య పులిహోర తిని వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు.

అలాంటివాడు ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక శనివారం, చంకలో డేగ పెట్టె ఉన్న సంచితో ఎస్కలేటర్ పక్కనుంచి పోతున్నాడు. ఎస్కలేటర్ మొదట్లో ఒకమ్మాయి సెల్‌ఫోనులో గదిలో ఉండే స్నేహితురాలితో మాట్లాడుతోంది. "ఆలీసమైపోనాదే, నువ్వు తినీసి పడుకో, నానొచ్చీసరికి ఏ టైమవుతాదో" అంది.

భద్రయ్య ఆగిపోయాడు. అది అతని తల్లి నోరు. గొంతు వేరు, వయసు వేరు, నోరు మాత్రం అదే. వెనకవాళ్లు తోసుకుంటూ పోయారు. పై అంతస్తులో స్టూలుమీద కూర్చున్న కొనుగోలుదారు ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ముప్పావుగంట చూసి లేచిపోయాడు. పదిహేనేళ్లలో భద్రయ్య పోగొట్టిన మొదటి బేరం అది.

ఏ ఊరమ్మా అని అడిగాడు. ఆ పిల్ల అతని మొహం చూసింది, సంచి చూసింది, పలాస అంకుల్ అంది, మీదీ అంది.

"మాయమ్మది ఇచ్చాపురం" అన్నాడు. తనది బెడోక్ అని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

ఆమె పేరు సూర్యకుమారి. క్లెమెంటి దగ్గరి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆసుపత్రిలో యంత్రం తీసిన తలకాయ ఫోటోలు, రొట్టెముక్కల్లా పొరలు పొరలుగా నూట ఇరవై ఉంటాయి. వాటిని కంప్యూటర్లో పేర్చి, తలకాయని తలకాయలా తెరమీద నిలబెట్టి తిప్పాలి, డాక్టరు కత్తి పెట్టకముందే లోపల ఎక్కడ ఏముందో చూసుకునేట్టు. ల్యాబులో ఉన్న పాత కార్డుతో ఆ తలకాయ పెళ్లిపీటలమీద పెళ్లికూతురు తలెత్తినంత నెమ్మదిగా తిరుగుతోంది. కొత్త కార్డు కావాలి. కొనడానికి యూనివర్సిటీ డబ్బిస్తుంది గానీ ఒక పద్ధతుంది. పోటీ కార్డులన్నీ పోల్చి పట్టిక రాయాలి. ఎంచుకున్నదానికి మూడు కొట్లనుంచి మూడు కొటేషన్లు తేవాలి, ధర ఉండాలి, సరుకు ఉందని సంతకం ఉండాలి, ఆఫీసువాళ్లు ముద్ర కొట్టే రోజుకి ఆ మూడూ చెల్లుబాటు కావాలి. కొట్టువాళ్లు కొటేషన్ ఇస్తే ఏడు రోజులే చెల్లుతుంది, ఎందుకంటే ధర వారం వారం పడిపోతుంది. ఆఫీసులో ముద్ర పడడానికి పది రోజులు. ఆ ఏడుకీ పదికీ మధ్య మూడు రోజుల గోతిలో సూర్యకుమారి పడింది.

మొదటి శనివారం భద్రయ్య ఆమెని ఆరంతస్తులూ తిప్పాడు. కాయితంలో ఉన్న ధర ఆమె రాసుకుంటే, కాయితంలో లేని సంగతి అతను చెప్పాడు. డేగ చౌక, నాలుగువందల తొంభై, తొమ్మిది పెట్టెలున్నాయి, కానీ ముప్ఫై రెండు ఎంబీయే, నీ తలకాయ దాంట్లో పట్టదు. కత్తమ్మ ఐదువందల అరవై, అరవైనాలుగు ఎంబీది వచ్చేవారం వస్తుందని ఐదు కొట్లు చెప్తున్నాయి, ఐదూ ఒక్క సరఫరాదారుడి మాటే చెప్తున్నాయి, ఆ సరఫరాదారు జనవరి నుంచీ వచ్చేవారమే అంటున్నాడు. కన్ను పెట్టె ఏడువందల ఎనభై, పందొమ్మిది కాయితాల్లో ఉంది, ఉన్నవి నాలుగు. సూర్యకుమారి రాసుకుంటూ, అంకుల్ మీరు చెప్తున్నది ఏ వెబ్‌సైట్లోనూ లేదు అంది. ఏ పత్రికవాడూ రాయలేని పట్టిక ఆమె నోటుబుక్కులో తయారైంది.

తర్వాత కింద తిండికొట్ల వరసలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల చోప్ చేసుకుని, అంటే తమదని ఆపుకుని, ఇద్దరూ టీ తాగారు. ఆమె ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమని అతను అడగలేదు. సిగ్గేసింది. కానీ మాటల మధ్య ఆమెకే మర్యాద తెలుగు జారిపోయేది, లోపల్నుంచి అసలుది వచ్చేది, భద్రయ్య గ్లాసు కింద పెట్టేసేవాడు.

ఇప్పుడు అతను చెయ్యని పని సంగతి. మిస్టర్ కో అతనికి బోలెడు రుణపడ్డ మనిషి. భద్రయ్య ఒక్క మాటంటే ముప్ఫై రోజులు చెల్లే కొటేషన్ రాసిస్తాడు. ఇంకో రెండు కొట్లూ రాస్తాయి. గోతిమీద పలక వేసినట్టు, సూర్యకుమారి పని ఒక్క రోజులో అయిపోతుంది. మొదటి శనివారం ఈ సంగతి అతనికి తట్టలేదు. అది నిజంగా నిజం. రెండో శనివారం కొటేషన్లు చెల్లిపోయి ఆమె మళ్లీ వచ్చినప్పుడు తట్టింది. చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడే ఆమె, మీ యమ్మ చింతపండు పులుసులో బెల్లం వేసేదా అంకుల్ అని అడిగింది. పులుసు గురించి అరగంట పట్టింది. ఆ తర్వాత కొటేషన్ల మాటెత్తితే బాగుండదనిపించింది. వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాడు.

మూడో శనివారం పొద్దున శాలిని, తండ్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది. పదిహేనేళ్లుగా టీషర్టుతో వెళ్లే మనిషి.

"పా, యూ గోయింగ్ టు వర్క్ ఆర్ గోయింగ్ టు వెడ్డింగ్, లా?" అంది.

భద్రయ్య తమిళంలో ఏదో గొణిగాడు. చెప్పడానికి ఏముంది. తన కూతురికి లేని భాషకోసం ఇస్త్రీ చేసుకుంటున్నానని కూతురితో ఎలా చెప్తాడు, ఏ భాషలో చెప్తాడు.

ధరలు మాత్రం పడుతూనే ఉన్నాయి. కన్ను ఏడువందల అరవై అయింది, నలభై అయింది, పది అయింది. ప్రతి శనివారం భద్రయ్య ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు, తనే పట్టుకుని కిందికి లాగుతున్నట్టు. ఆగితే మంచిదేనమ్మా, ఇంకా పడుతుంది అనేవాడు. అది అబద్ధం కాదు. ధర పడుతోంది నిజమే. ధరతోపాటు పెట్టెలూ పోతున్నాయి. నాలుగు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. పట్టికలో ధర గడి నింపేటప్పుడు అతని గొంతు ఎంత గట్టిగా ఉండేదో, సరుకు గడి దగ్గరికొచ్చేసరికి అంత సన్నగా అయ్యేది.

నాలుగో వారంలో మిస్టర్ కో, కొట్టు అద్దాల బీరువా జరపాలి, లోపలి పెట్టెలు తియ్యమన్నాడు. అవన్నీ చూపుకోసం పెట్టిన ఖాళీ పెట్టెలు. భద్రయ్య కన్ను పెట్టె ఎత్తాడు. చెయ్యి చెప్పింది: ఖాళీ కాదు. కోకి గానీ, అమ్మేవాడికి గానీ, ఎప్పుడో పొరపాటున అమ్మాల్సిన పెట్టె అద్దంలోకీ అద్దంలోది ఎక్కడికో పోయాయని తెలియదు. భద్రయ్య కోవైపు చూశాడు. పెట్టెని దుమ్ము తుడిచి, మళ్లీ అద్దంలో, కత్తమ్మ వెనక, కన్ను సగమే కనిపించేట్టు పెట్టాడు.

ఆ రోజునుంచీ అతనికి ధైర్యమొచ్చింది. బిల్డింగులో కార్డులన్నీ అయిపోయినా ఆ పిల్లకి ఒకటుంది. ఎప్పుడంటే అప్పుడు తీసివ్వొచ్చు. అలాంటప్పుడు ఇవాళే ఎందుకు? ప్రతిరోజూ మూడో అంతస్తు మీదుగా పోతూ అద్దంలోకి ఒకసారి చూసుకునేవాడు. కన్ను అతన్ని చూసేది. అతను తల తిప్పుకునేవాడు.

ఐదో వారం భద్రయ్యకి జ్వరం. ఆరో వారం సూర్యకుమారి, పోయినవారం మీరు లేరని ఊరికే తిరిగి వెళ్లిపోయాను అంకుల్ అంది. మూడు కొట్లు ఎక్కాల్సిన పని మానేసి మీకోసం అడిగాను అంది. భద్రయ్యకి ఆ మాట వారం సరిపోయింది. ఏడు, ఎనిమిది. మీ యమ్మ నిద్రపుచ్చడానికేం చెప్పేది అంకుల్ అని ఆమె అడిగితే, అతను తల్లి చెప్పిన కథలు చెప్పాడు. సగం మాటలు అతనికి తెలియకుండానే నోటినుంచి వచ్చాయి. రబ్బరు తోటలో పులి వచ్చి తన పెళ్లికి భోజనం చేసి వెళ్లిందని అంకమ్మ చెప్పిన కథ విని సూర్యకుమారి టీ పొలమారేలా నవ్వింది. ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి, పులి భోజనం చేసిందన్నది అంకమ్మ చెప్పిందే, ఎవరూ కల్పించలేదు.

తొమ్మిదో వారం ఆమె శనివారం రాలేదు. బుధవారం మధ్యాహ్నం పై అంతస్తుకి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఈసారి నోటుబుక్కు తెరవలేదు.

కన్ను పెట్టెలన్నీ అయిపోయాయి, కొత్త సరుకు నెల దాకా రాదు. పందొమ్మిది కాయితాల్లోనూ ఇంకా ఉంది, పందొమ్మిది కొట్లూ ఉందనే అంటున్నాయి, అడిగితే ఫైవ్ మినిట్స్ అని కూర్చోబెడుతున్నాయి, తర్వాత సారీ అంటున్నాయి. శుక్రవారం సాయంత్రంలోగా కాయితాలు ఆఫీసులో పడకపోతే ఆ డబ్బు ల్యాబులో ఇంకొకడి ప్రాజెక్టుకి వెళ్లిపోతుంది. వచ్చేనెల డాక్టర్ల ముందు తలకాయ తిప్పి చూపించకపోతే తన స్కాలర్‌షిప్ ఆపేస్తారు. ఇదంతా ఆమె నెమ్మదిగా, వరసగా చెప్పింది. చివర్న, పెట్టె సర్దుకోవడమే అంకుల్ అంది.

భద్రయ్య స్టూలు లాగి వేశాడు.

"ఐదు నిమిషాలు కూకోమ్మా" అన్నాడు.

పదిహేనేళ్లుగా వేలమందికి వేలసార్లు కొట్లవాళ్లు చెప్పిన మాట. అతను ఎప్పుడూ అనలేదు, మోశాడు అంతే. మెట్లు దిగాడు, లెక్కపెట్టలేదు. తిన్నగా మిస్టర్ కో కొట్టుకి వెళ్లి, అద్దం జరిపి, కత్తమ్మని పక్కకి నెట్టి, కన్నుని తీశాడు. అది ఖాళీ పెట్టె అంకుల్ అన్నాడు కో. భద్రయ్య దాన్ని అతని చేతిలో పెట్టాడు. కో విప్పి చూశాడు, లోపల వెండిరంగు సంచిలో కార్డు. భద్రయ్య చేతులకేసి చూసి, ఇంగ్లీషులో, ఇవి చేతులు కావు కాటా, వీటికి నేను వేరే జీతమివ్వాలి అన్నాడు. ముప్ఫై రోజుల కొటేషన్ రాసి, సరుకు ఉంది అని సంతకం పెట్టాడు. పక్క కొట్టూ, ఎదుటి కొట్టూ అదే ముప్ఫై రోజులకి రాశాయి. పది డాలర్లు ఒకటీ పదిహేను డాలర్లు ఒకటీ ఎక్కువ వేసి, కావాలంటే కోనుంచి తెచ్చిస్తామన్నాయి, సంతకాలు పెట్టాయి. పెట్టెమీద "అమ్మబడింది" అని చీటీ అంటించాడు కో. భద్రయ్య పైకొచ్చేసరికి సూర్యకుమారి గడియారం చూసుకుంటోంది. ఐదు నిమిషాలు కాదు, పదకొండయ్యాయి. మూడు సంతకాలకి మరి.

ఆమె కాయితాలు చూసింది. ముప్ఫై రోజులు అన్నచోట వేలు ఆగింది. తెలివైన పిల్ల, పొరలు పేర్చి తలకాయ చెయ్యగలిగిన మనిషి. ఈ పొరలు పేర్చడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది అక్కడుందని మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"నాలుగో వారం కాణ్నించి."

"ముప్ఫై రోజులకి రాస్తారనీ?"

"రెండో వారం కాణ్నించి."

సూర్యకుమారి అరవలేదు. స్టూలుమీంచి లేచి నిలబడింది. అప్పటిదాకా అతనితో మీరు అన్న పిల్ల, అంకుల్ అన్న పిల్ల, అవన్నీ ఒదిలేసి మాట్లాడింది.

"బస్సు మారి, ట్రైను మారి, తొమ్మిది వారాలు తిరిగినాను. నాతోటి మాటాడాలంటే మాటాడదాం రాయే అంటే నాను రానా? ఊరికే వచ్చుందును. నాకేటి తక్కువైపోనాది? కార్డెందుకు దాసీసినావు? సెప్పు. నోట్లో మాట నేదేటి?"

ఆ మాటలు అచ్చంగా అంకమ్మ తిట్టినట్టున్నాయి. అదే విరుపు, అదే చివర ఎత్తు. భద్రయ్య తల వంచుకున్నాడు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. ఎంత సిగ్గుపడ్డాడో చెప్తే, దానితోపాటే ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ సిగ్గులో నిలబడి, దాహంతో ఉన్నవాడు దోసిలి పట్టినట్టు, ఆమె ఇంకొంచెం తిడితే బాగుండునని అతను కోరుకున్నాడు. ఇంకో రెండు మాటలు. ఇంకొక్కటి.

ఆమె ఆపేసింది. కాయితాలు సంచిలో పెట్టుకుంది. వెళ్లింది.

శుక్రవారం కాయితాలు ఆఫీసులో పడ్డాయి. పది రోజులకి కొనుగోలు ఆర్డరొచ్చింది, కార్డు ల్యాబుకి వెళ్లింది. డాక్టర్ల ముందు తలకాయ బొంగరంలా తిరిగిందనీ, ఒక ముసలి డాక్టరు కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్నాడనీ క్లెమెంటిలో చెప్పుకున్నారు. కుర్చీ సంగతి ఎలా ఉన్నా స్కాలర్‌షిప్ మాత్రం నిలబడింది. ఇదంతా భద్రయ్యకి ఎవరూ చెప్పలేదు. మిస్టర్ కో దగ్గర డబ్బు జమ అయిందని మాత్రం తెలిసింది.

అతను ఇంకో నాలుగు శనివారాలు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఎస్కలేటర్ పక్కన, పని లేకపోయినా, పని ఉన్నట్టు నిలబడేవాడు. కన్ను కొత్త సరుకు వచ్చింది, ఆరువందల యాభైకి. డేగ నాలుగువందలకి దిగింది. కత్తమ్మ అరవైనాలుగుది నిజంగానే వచ్చేసింది. ఇవన్నీ చెప్పడానికి మనిషి లేదు. హాకర్ సెంటర్‌లో ఒకసారి అలవాటుగా టిష్యూ ప్యాకెట్ ఎదుటి కుర్చీమీద పెట్టి, టీ అయిపోయేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఐదో శనివారం టీషర్టు వేసుకున్నాడు. శాలిని చూసింది.

ఆగస్టులో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఉదయ్‌కిరణ్ గుంటూరువాడు, అభిషేక్ కరీంనగర్‌వాడు, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు. సూర్యకుమారి అక్క పంపింది అన్నారు. కార్డు కొనాలంటే భద్రయ్యంకుల్‌ని అడగండి, ముందు ముప్ఫై రోజుల కొటేషన్లు రాయించుకోండి, ఆ పని అయ్యాకే టీకి కూర్చోండి, తర్వాత ఎంతసేపైనా మాట్లాడండి అని చెప్పిందట. భద్రయ్య ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. అక్క ఎలా ఉంది, వస్తుందా అని అడిగితే, థీసిస్ రాస్తోంది అంకుల్, బయటికే రావట్లేదు అన్నారు.

అప్పట్నుంచి శనివారం శనివారం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. భద్రయ్య పట్టిక చెప్తాడు, కొటేషన్లు రాయిస్తాడు, ముప్పావుగంటలో పని ముగిస్తాడు, ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టనివ్వడు. తర్వాత టీ. గుంటూరు తెలుగు, కరీంనగర్ తెలుగు, కడప తెలుగు. అన్నీ వింటాడు. అన్నీ మంచివే. మధ్యలో ఎవరైనా ఫోను తీసి ఇంటికి మాట్లాడుతుంటే గ్లాసు కింద పెట్టి కాసేపు చెవి ఒగ్గుతాడు. మళ్లీ గ్లాసు తీసుకుంటాడు.

ఈ కథ పెరిగింది మాత్రం ఆ బల్ల దగ్గరే. ఒక శనివారం ఉదయ్‌కిరణ్ కొత్తగా వచ్చినవాళ్లకి, ఒక్క రన్నరు పదకొండు వారాలు దేశం మొత్తం వ్యాపారం ఎలా ఆపాడో చేతులు తిప్పుతూ చెప్తున్నాడు. అందరూ నవ్వి భద్రయ్యకేసి తిరిగారు, నిజమేనా అంకుల్ అని. భద్రయ్య టీ చివరి గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

"నానేటీ ఆపనేదు బావు. తెలిసింది సెప్పనేదు, అంతే. పదకొండు కాదు, తొమ్మిది వారాలు. అందులో ఒకవారం జొరంతోటి పడుకున్నాను."